బయటి మనిషి

దిండును గడ్డం కింద అదిమిపెట్టి, గలీబు రెండు మూలలూ పట్టుకుని దుప్పట్లక్క ఒక్క గుంజు గుంజింది. తెల్లటి గుడ్డ జారి చేతిలోకి వచ్చింది. దిండు పరుపు మీద పడి, ఎవరో నిట్టూర్చినట్టు గాలి వదిలి, చదునుగా పడుకుంది. ఆమె రెండో దిండును అందుకుంది.

కిటికీ అవతల పొగమంచు. సముద్రం ఉండవలసిన చోట ఏమీ లేదు. చప్పుడు మాత్రం ఉంది, నిద్రలో ఎవరో అటు ఒత్తిగిలి, కాసేపటికి మళ్ళీ ఇటు ఒత్తిగిలినట్టు. తెల్ల గోడలు, తెల్ల దుప్పట్లు, తెల్లటి కిటికీ. ఇలాంటి పొద్దుల్లో ఈ గదిలో పనిచేస్తుంటే తాను మేలుకుని ఉందో కలగంటోందో ఆమెకు సరిగ్గా తెలిసేది కాదు. తెలుసుకోవాలనీ ఉండేది కాదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి.

సెలవులకు ఆ ఒడ్డుకు వచ్చేవాళ్ళు హోటలు వద్దనుకుని, వంటిల్లుతో సహా ఇల్లంతా అద్దెకు తీసుకుని, తామే వండుకు తింటూ నాలుగు రోజులు ఉండి వెళ్ళేవారు. గుట్ట మీద అలాంటి ఇళ్ళు ఒక వరసంతా ఉన్నాయి. ఒకళ్ళు ఖాళీ చేసి ఇంకొకళ్ళు దిగేలోగా పక్కలు మార్చి, ఇల్లు తుడిచి, అద్దాలకు మెరుపు తెచ్చి పెట్టడం దుప్పట్లక్క పని. ఆమెకు అసలు పేరు ఒకటి ఉండేది కానీ దాంతో ఎవరికీ అవసరం పడలేదు. పాలవాడి దగ్గర్నుంచి డాక్టరు దాకా అందరికీ దుప్పట్లక్కే.

మనిషి పొట్టి. తడిబట్టల బుట్టను ఏళ్ళ తరబడి ఒకే చంకన మోయడం వల్ల ఎడమ భుజం కాస్త కిందకి జారి ఉండేది. వెడల్పాటి అరచేతులు. సబ్బునీళ్ళలో నానీ నానీ వేళ్ళ కొసలు ఎప్పుడూ ముడతలు పడి, తెల్లబోయి ఉండేవి. స్వెట్టరుకు ఒక బొత్తాం రంగు వేరు. ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. మధ్యలో నిలబడి గోడ పట్టుకుంటే చూసినవాళ్ళు ఏమైందని అడిగేవారు. "వయసండీ. నాతో పాటే మెట్లెక్కుతోంది పాపం, దానికీ అలుపొస్తుంది కదా," అనేది.

కింది దుప్పటి తీయబోయే ముందు ఆమె ఒక్క క్షణం ఆగి చూసింది. అది ఆమె అలవాటు. మనుషులు వెళ్ళిపోయినా వాళ్ళ నిద్ర కాసేపు అక్కడే ఉంటుంది. మంచం రెండంచులా రెండు గుంటలు పడి, మధ్యన ఇస్త్రీ చెదరకుండా ఉంటే వాళ్ళు మాటామాటా అనుకుని పడుకున్నారన్నమాట. ఒక్కోసారి ఉన్నది ఒకటే గుంట, దిండ్లు రెండూ ఒకవైపే. ఒకసారి పక్క అసలు నలగలేదు. కుర్చీ మాత్రం కిటికీ దగ్గరకు జరిపి ఉంది, కుర్చీ చేతి మీద తడి ఆరిన రుమాలు. ఆ మనిషి ఎవరో, ఎందుకు ఏడ్చాడో ఆమెకు తెలియదు. ఆ రుమాలు మాత్రం ఉతికి, ఇస్త్రీ చేసి, అద్దె పుస్తకంలో ఉన్న చిరునామాకు పోస్టులో పంపించింది.

ఇవాళ్టి పక్క చూసి ఆమెకు నవ్వొచ్చింది. తల్లీతండ్రీ చెరో అంచునా వేలాడారు. మధ్యలో పసిదెవరో అడ్డంగా, రాజ్యమంతా తనదే అన్నట్టు పడుకుంది.

ఆమె ఇంట్లో మంచం ఒకటే, అదీ ఒంటిమనిషి మంచం. భర్త చేపల కోల్డు స్టోరేజీలో రాత్రి కాపలాదారు. తెల్లవారి అతను వచ్చేసరికి ఈమె తాను అప్పట్లో పనిచేసే లాండ్రీకి బయల్దేరుతూ ఉండేది. గుమ్మంలో ఎదురయ్యేవారు. "పక్క వెచ్చగా ఉంది, పడుకో," అనేది. రాత్రి ఆమె తిరిగి పడుకునే వేళకి అతను చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, "వెచ్చబెట్టి ఉంచాను," అనేవాడు. వాళ్ళ కాపురమంతా అలా గడిచిపోయింది. పోట్లాడుకోవడానికి తీరిక లేదు, పిల్లలూ కలగలేదు. "మంచమొకటే, నిద్రలు రెండు. పిల్లలు ఏ సందులోంచి పుడతారే!" అని లాండ్రీలో ఆడవాళ్ళు ఎగతాళి చేసేవారు. తరవాత లాండ్రీ మూతపడింది. ఆ పైన అతనూ పోయాడు. ఆ చలికాలం మొదటి రాత్రి పక్కలోకి దిగితే అది చల్లగా తగిలింది. అంత పెద్ద వయసులో, ఒక పక్క ఇంత చల్లగా ఉండగలదని ఆమెకు అప్పుడే తెలిసింది.

వెనక తలుపు కిర్రుమంది.

"ఏమే, ఎలా పడుకున్నారు వీళ్ళు?" ఇంటావిడ టీ కప్పు పట్టుకుని లోపలికి వచ్చింది.

"పాప పడుకుందండి. పెద్దవాళ్ళు కాపలా కాశారు."

ఇంటావిడ పెద్దగా నవ్వి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. పొడుగాటి మనిషి, కర్రలా సన్నం. పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని రిటైరైంది. ఆమె భర్త తాపీమేస్త్రీ. వారమంతా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు కట్టి, ఆదివారాలు ఈ ఇల్లు కట్టుకున్నాడు. పడుకుని కళ్ళు తెరిస్తే సముద్రం కనపడాలని, మంచం ఎక్కడ వేస్తారో ముందే గీత గీసి, ఆ ఎత్తుకు కిటికీ పెట్టాడు. అతను పోయాక ఆ ఇంటిని నిలబెట్టుకోవడానికి దాన్ని సెలవులకు వచ్చేవాళ్ళకు ఇవ్వడం తప్ప ఆమెకు దారి దొరకలేదు. తాను మాత్రం వెనకాల, భర్త తాపీలూ గమేళాలూ పెట్టుకున్న కొట్టును బాగు చేయించుకుని అందులో ఉండేది. ఒకళ్ళు వెళ్ళి ఇంకొకళ్ళు వచ్చే లోపల, దుప్పట్లక్క పని చేసుకునే ఆ కాస్త వ్యవధిలోనే ఆమె తన ఇంట్లో తాను కూర్చునేది.

రాత్రి పడుకోవడానికి మాత్రం ఎన్నడూ రాలేదు. పన్నుల చట్టం అలా ఉంది. సంవత్సరంలో ఇన్ని రాత్రులు బయటివాళ్ళకు అద్దెకిస్తేనే ఆ ఇల్లు వ్యాపారం. యజమాని పడుకున్న రాత్రి లెక్కలోకి రాదు. చుట్టాలు పడుకున్న రాత్రీ రాదు.

"ఇవాళ దిగేవాళ్ళెవరో?" అంది దుప్పట్లక్క, కొత్త దుప్పటి దులుపుతూ. దుప్పటి గాలి పోసుకుని గది నిండా లేచింది. ఒక క్షణం ఇద్దరూ ఒకరికొకరు కనపడలేదు. అది మెల్లగా దిగేసరికి గుమ్మంలో ఇంటావిడ మేనల్లుడు నిలబడి ఉన్నాడు.

టౌనులో ఒక ఆడిటరు దగ్గర గుమాస్తా అతను. మేనత్త పన్నుల సంగతి అతనే చూసేవాడు. మంచులో నడిచి వచ్చినందుకు జుట్టు మీద సన్నటి తుంపర మెరుస్తోంది. ఎప్పుడూ వచ్చీ రాగానే టీ అడిగేవాడు, ఇవాళ అడగలేదు.

"అత్తా, ఇవాళ్టివాళ్ళు రావట్లేదు. మంచుకి పెద్ద రోడ్డు మూసేశారు. సగం దారిలోంచి వెనక్కి తిరిగిపోయామని ఫోన్ చేశారు."

"అయ్యో పాపం."

"పాపం వాళ్ళది కాదు, మనది. పన్నుల సంవత్సరం ఇవాళ్టితో ఆఖరు. ఇవాళ్టి రాత్రితో మన లెక్క సరిపోవాల్సింది. ఇప్పుడొక్క రాత్రి తక్కువ పడుతోంది."

"ఒక్కటేగా!"

"ఒక్కటైనా ఒకటే, వందైనా ఒకటే. ఏనుగంతా దూరి తోక దగ్గర చిక్కుకుంది." అతను మంచం అంచున కూర్చోబోయి, దుప్పట్లక్క ముఖం చూసి మానుకుని గోడకు ఆనుకున్నాడు. "మునుపు ఇల్లు అద్దెకుందని చూపిస్తే చాలు. ఇప్పుడలా కాదు. నిజంగా మనుషులు దిగి పడుకుని ఉండాలి. ఒక్క రాత్రి తగ్గినా ఇది వ్యాపారం కాదు, రెండో ఇల్లు. రెండో ఇంటికి పన్ను రెండింతలు. మినహాయింపులన్నీ పోతాయి. నీ పెన్షను దానికే చాలదత్తా. ఇల్లు అమ్మకానికి పెట్టుకోవాలి."

"రెండో ఇల్లా? మరి మొదటిది ఎక్కడుందిరా నాకు? ఆ తాపీల కొట్టా?"

"కాగితం మీద అదే."

ఇంటావిడ కప్పు కింద పెట్టింది. కిటికీలోకి చూసింది. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, అయినా చూస్తూనే ఉంది.

"ఒక దారుంది," అన్నాడు మేనల్లుడు, గొంతు తగ్గించి. "మా ఆఫీసులో ఒకడున్నాడు. వాడి పేర రాసేద్దాం. వాడు రానక్కర్లేదు."

"పడుకోని రాత్రి పడుకున్నట్టు రాయడమా?"

"అందరూ చేస్తున్నదే అత్తా."

"మీ మామయ్య గోడలో ఒక రాయి తక్కువ పెట్టి పైన సున్నం పూసిన మనిషి కాదు. ఆయన ఇంటికి నేను సున్నం పూయను. పోతే పోనీ."

మేనల్లుడు బూట్లు చూసుకున్నాడు.

దుప్పట్లక్క దుప్పటి మూల పరుపు కింద దోపుతూ, అటే చూస్తూ అంది: "నేను బయటిదాన్నే కదండీ?"

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఇవాళ నేను దిగుతాను ఇక్కడ. అద్దెకి. బయటి మనిషి కావాలి అంటున్నారుగా."

"నువ్వు బయటిదానివేంటే!" ఇంటావిడ కుర్చీలోంచి సగం లేచింది. కోపం వచ్చినట్టే ఉంది ఆమెకు. "నువ్వు బయటిదానివైతే ఈ ఇంట్లో లోపలివాళ్ళెవరు?"

మేనల్లుడు గడ్డం గోక్కున్నాడు. చెప్పడానికి ఇబ్బంది పడుతూనే చెప్పాడు. "చట్టం చూస్తే... బయటి మనిషేనత్తా. చుట్టరికం లేదు. కానీ పని మీద వచ్చి పడుకుంటే పనికిరాదు దుప్పట్లక్కా. సెలవుకి రావాలి."

"సెలవుకే వస్తాను. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా తీసుకున్నానా?"

"అద్దె కూడా అందరూ ఇచ్చినంత ఇవ్వాలి."

"ఇస్తాను. మా ఇంట్లో పరుపు మార్పిద్దామని దాచుకున్నాను. పరుపుదేముంది, ఇక్కడుందిగా."

"ఆ డబ్బు రేపు నీకు నేను..." ఇంటావిడ మాట పూర్తి కాలేదు.

"తిరిగిస్తే లెక్క చెడుతుందత్తా."

"మీరు ఊరుకోండమ్మగారూ. సెలవుకొచ్చినవాళ్ళకి డబ్బు తిరిగిచ్చి పంపిస్తారా ఎక్కడైనా? చోద్యం కాకపోతే."

దుప్పట్లక్క దిండుకు గలీబు తొడగబోతుంటే, ఆమె చేతిలోంచి ఇంటావిడ లాగేసుకుంది. "నీ పక్క నువ్వే వేసుకుంటావా? ఇటివ్వు." వేసింది. దుప్పటి ఒక మూల వంకరగా వచ్చింది. దుప్పట్లక్క ఆ మూలనే చూస్తూ నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, సర్దకుండా బయటికి నడిచింది.

ఆమె గది మూతపడిన సైకిలు షాపు పైన. సామాను సర్దుకోవడానికి సంచీ తెరిచి మంచం మీద పెట్టుకుని, దాని ముందు చాలాసేపు కూర్చుంది. సెలవులకు వచ్చేవాళ్ళ పెట్టెలు ఎన్ని చూసిందో! టోపీలు, రంగు కళ్ళద్దాలు, పేకలు, ఇసుకలో ఆడే బకెట్లు, ఎప్పటికీ చదవని లావు పుస్తకాలు. వాటిలో ఒక్కటీ ఆమె దగ్గర లేదు. ఏవో అవసరమైనవి నాలుగు పెట్టుకుంది. సంచీ సగం కూడా నిండలేదు. ఖాళీగా కనపడితే బాగుండదని పైన స్వెట్టరు ఇంకొకటి కూరింది. బయల్దేరే ముందు తల దువ్వుకుంది, మళ్ళీ దువ్వుకుంది.

గుట్ట ఎక్కేటప్పుడు రెండుచోట్ల కూర్చోవలసి వచ్చింది. ఎడమ చేయి బరువుగా ఉంది. సంచీ బరువనుకుంది కానీ సంచీ కుడిచేతిలో ఉంది. చుట్టూ మంచు. రోజూ నడిచే దారే అయినా, ఇవాళ ఎక్కడికో కొత్త ఊరు పోతున్నట్టు అనిపించింది. వీధిదీపాలు పగలే వెలిగి, పాలలో వేసిన పసుపు చుక్కల్లా చెదిరిపోయి ఉన్నాయి. ఎదురుగా వచ్చిన పాలవాడు, "ఏంటి దుప్పట్లక్కా, సంచీతో? ఊరికా?" అని అడిగాడు.

"ఊరికే," అందామె. అని, తన మాటకు తానే నవ్వుకుంది.

రోజూ వెనక తలుపున దూరే మనిషి ఆ రోజు ముందు తలుపు దగ్గర నిలబడి, కాళ్ళు తుడుచుకుని, బెల్లు కొట్టింది. ఆ బెల్లు లోపల ఇంత పెద్దగా మోగుతుందని ఇదివరకు గమనించలేదు.

తలుపు తీసిన ఇంటావిడ మంచి బట్టలు కట్టుకుంది. చెవులకు పోగులు పెట్టుకుంది.

"రండి రండి. ప్రయాణం బాగా జరిగిందా?"

ఇంకెవరైనా వచ్చారేమోనని దుప్పట్లక్క వెనక్కి తిరిగి చూసింది. తరవాత, "ఆఁ, బాగానే జరిగిందండి. దారంతా మంచు," అంది.

"ఈ కాలంలో ఇంతే. రేపటికి విచ్చుకుంటుంది. సంచీ ఇలా ఇవ్వండి. ఇదిగో, వేడినీళ్ళకి ఈ మీట. కొంచెం గట్టిగా నొక్కాలి. కిటికీ రెక్క ఎత్తి పక్కకు తోయాలి, లేకపోతే పట్టేస్తుంది. చెత్తబుట్ట వెనకాల ఉంది. ఏ అవసరం వచ్చినా నేను వెనకే ఉంటాను, మొహమాటపడకండి."

ఆ మీటను ఎన్ని వందలసార్లు తుడిచిందో లెక్కలేదు. అయినా దుప్పట్లక్క బుద్ధిగా తల ఊపుతూ, ప్రతిదీ మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఒక్కటి మాత్రం భరించలేకపోయింది.

"అమ్మగారూ, మీరు నన్ను 'మీరు' అనకండి. ఒళ్ళంతా ఏదోలా ఉంది."

"అద్దెకు దిగినవాళ్ళని నువ్వు అంటానా? నాకు మర్యాద తెలియదనుకున్నారా?" అంది ఇంటావిడ గంభీరంగా. ఆ గాంభీర్యం పెదవుల దగ్గరే ఆగి, కళ్ళు మాత్రం నవ్వాయి. ఆ నవ్వు చూశాక దుప్పట్లక్కకు 'మీరు' కొంచెం అలవాటైంది. ఇంకాసేపటికి బాగుందనిపించింది. తల్లి అనలేదు, భర్త అనలేదు, లాండ్రీ మేనేజరు అనలేదు. జీవితంలో మొదటిసారి ఒక మనిషి తనను మీరు అంటోంది.

"మరి నేను అద్దెకు దిగానుగా. మా ఇంటికి మిమ్మల్ని టీకి పిలవొచ్చా?"

"పిలిస్తే రానా?"

టీ దుప్పట్లక్కే పెట్టబోయింది, ఇంటావిడ పెట్టనివ్వలేదు. ఇద్దరూ కిటికీ దగ్గర రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఇన్నేళ్ళూ ఒకరు కూర్చుంటే ఒకరు నిలబడే మాట్లాడుకున్నారు. పక్కపక్కన కూర్చుంటే ఇంటావిడ అంత పొడుగు కాదని దుప్పట్లక్కకు తోచింది. పొద్దు వాలుతుంటే మంచు ఒకచోట పలచబడింది. అందులోంచి ఒక్క చారెడు సముద్రం కనపడింది, వెండి పళ్ళెం అంచులా. ఇంటావిడ చెయ్యెత్తి చూపించబోయేలోగా మూసుకుపోయింది.

"ఆయన ఈ కిటికీ పెట్టినరోజు," అంది ఇంటావిడ, "మంచం ఇంకా లేదు. నన్ను సిమెంటు నేల మీద పడుకోబెట్టి, కనపడుతోందా, కనపడుతోందా అని అడిగాడు. నాకు ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. కనపడుతోందన్నాను."

"మరి?"

"రాత్రికి రాత్రి గోడ పగలగొట్టి ఇంకొంచెం కిందకి దించాడు. అబద్ధం మొహంలో తెలిసిపోయింది."

దుప్పట్లక్క నవ్వింది. తరవాత నెమ్మదిగా, "మా ఆయన ఎలా నిద్రపోయేవాడో నేనెప్పుడూ చూడలేదండి," అంది. "ఆయనా నన్ను చూళ్ళేదు. ఒకసారైనా అడగాల్సింది, ఇవాళొక్కరోజు పనికి పోవద్దని. ఏం పోయేది?"

ఇంటావిడ తన చేతిని ఆమె ముడతల చేతి మీద పెట్టి, వెలుతురు తగ్గేదాకా అలాగే ఉంచింది.

చీకటి పడబోతుండగా ఇంటావిడ లేచింది. "నేనిక్కడ ఎక్కువసేపు ఉండకూడదు. రాత్రి పూర్తిగా మీదే. పొద్దున టీ ఎన్నింటికి తెమ్మంటారు?"

"లేచినప్పుడు తాగుతానండి. ఒక్కరోజు ఎవరూ లేపకుండా పడుకోవాలని ఉంది."

"లేపను. సెలవుకొచ్చినవాళ్ళని ఎవరైనా లేపుతారా?"

వెనక తలుపు మూసుకుంది. దుప్పట్లక్క వేడినీళ్ళతో తనివితీరా స్నానం చేసింది. గదిలోకి వచ్చి మంచం పక్కన నిలబడింది. వంకరగా దోపిన ఆ మూల అలాగే ఉంది. చెయ్యి ముందుకు పోయింది కానీ ఆమె దాన్ని వెనక్కి తీసుకుంది. ఒకళ్ళు తన కోసం వేసిన పక్క అది. దుప్పటి ఎత్తి, అంచున, తనకు సరిపడా చోటులోనే ఒదిగింది. మొదట చల్లగా తగిలింది. తరవాత ఎక్కడినుంచో, ఎవరో ఇప్పుడే లేచి పనికి వెళ్ళినట్టు, మెల్లగా వెచ్చబడింది. చేతి నొప్పి దూరంగా ఎక్కడో ఉంది, ఇంకెవరిదో అయినట్టు. సముద్రం అటు ఒత్తిగిలింది. ఆమె ఇటు ఒత్తిగిలింది.

పొద్దున్నకు మంచు విడిపోయింది. ఇంటావిడ పెందలాడే లేచి, టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి, ఇంటి వైపు చూసింది. వంటింటి కిటికీ తెర కదల్లేదు. నీళ్ళు దించేసింది. ఎండ గుమ్మం దాకా వచ్చింది. మళ్ళీ పెట్టి, మళ్ళీ దించింది. ఎప్పుడూ కోడికంటే ముందు లేచే మనిషి ఇలా పొద్దెక్కేదాకా పడుకుందంటే ఆమెకు లోపల్లోపల గర్వంగా ఉంది. తాను ఆతిథ్యం బాగానే ఇచ్చిందన్నమాట. పాలవాడు సీసాలు చప్పుడు చేస్తే, "మెల్లిగా, లోపల పడుకున్నారు," అని కసిరింది.

ఖాళీ చేసే వేళ దాటిపోయింది. అప్పుడామె ముందు వైపుకు తిరిగి వెళ్ళి, తలుపు మీద వేళ్ళతో తట్టింది. "లేచారా?"

కొంచెం ఆగి మళ్ళీ తట్టింది. "లేచారా అండీ?"

తరవాత తలుపు తోసి, పడకగది గుమ్మంలో నిలబడి, "ఏమే," అంది.

దుప్పట్లక్క గోడ వైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. మంచంలో రెండో సగం మీద ఇస్త్రీ చెదరలేదు. కిటికీ నిండా సముద్రం. ఇంటావిడ వంగి చెయ్యి తాకింది. మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయి, చాలాసేపు ఏమే, ఏమే అని చిన్నగా పిలుస్తూనే ఉంది.

డాక్టరు వచ్చాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందనీ, బాధ తెలిసి ఉండదనీ చెప్పాడు. ఫోనందుకుని పరుగెత్తుకొచ్చిన మేనల్లుడు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఆఫీసు బ్యాగు భుజానికి ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

డాక్టరు కలం తీశాడు. "దుప్పట్లక్కకి ఎవరూ లేరనుకుంటా. మరణ పత్రంలో సొంతవాళ్ళుగా రాయడానికి ఒకరు కావాలి. ఆవిడ మీకేమవుతుంది?"

మేనల్లుడు తలెత్తి మేనత్త వైపు చూశాడు. అద్దెకు దిగిన ఆవిడ అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు.

"చెల్లెలు," అంది ఇంటావిడ.

"అత్తా..." మేనల్లుడు ఒక అడుగు వేశాడు. "చుట్టమని రాసుకుంటే, రాత్రి లెక్క..."

"రాసుకోనీ. మా చెల్లెలు. బాగా రాయండి డాక్టరుగారూ."

డాక్టరు రాశాడు. మేనల్లుడు బ్యాగు దించి గోడ వారన పెట్టాడు. డాక్టరు కాగితం పన్నుల ఆఫీసు దాకా పోలేదు. ఆ రాత్రి లెక్కలోకి వచ్చింది, ఆ సంవత్సరం ఆ ఇల్లు రెండో ఇల్లు కాలేదు. కానీ అది తరవాతి మాట. ఆ పొద్దున మనుషులు వచ్చి దుప్పట్లక్కను జాగ్రత్తగా గుట్ట కిందకి దించుకుపోయాక, ఇంటావిడ ముఖం కడుక్కుందామని స్నానాలగదిలోకి వెళ్ళింది. అద్దెకు దిగేవాళ్ళ కోసం మడతపెట్టి ఉంచిన తెల్ల తువ్వాళ్ళు మడత మీదే ఉన్నాయి, ఎవరూ తాకలేదు. తలుపు వెనక కొక్కేనికి, ఇంటి నుంచి తెచ్చుకున్న తువ్వాలు ఒకటి వేలాడుతోంది, చిరిగిన అంచును నీలం దారంతో కుట్టుకున్నది, కింది కొస ఇంకా తడిగా ఉంది.